227 పెట్టెలకు ఒక ప్రాణం: నాలోక్సోన్‌పై ప్రజాధనం లెక్క

(ఒహాయోలో జరిగిన తెలుగువారి ఆరోగ్య సదస్సులో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పండుగ వాతావరణంలో ఇటువంటి విషయం వినడానికి ఇంతమంది కూర్చున్నారు. చాలా సంతోషం.

మన పొరుగూరి సంగతితో మొదలుపెడతాను. సిన్సినాటికి ఉత్తరాన మిడిల్‌టౌన్ ఉంది. 2017లో ఆ నగర కౌన్సిల్ సభ్యుడొకరు ఒక ప్రతిపాదన పెట్టారు. మత్తుమందు మోతాదు మించి, అంటే ఓవర్‌డోస్‌తో, పడిపోయిన మనిషిని అంబులెన్సు వెళ్లి బతికిస్తే, అయిన ఖర్చుకు బదులుగా ఆ మనిషి సమాజసేవ చేయాలి. రెండుసార్లు బతికించినా ఆ బాకీ తీర్చకపోతే, మూడోసారి ఫోను వచ్చినప్పుడు అంబులెన్సు పంపకూడదు. ఇదీ ప్రతిపాదన. అది అమలు కాలేదు గానీ దేశమంతా మారుమోగింది. ఆ రోజుల్లోనే ఆ ఊరున్న బట్లర్ కౌంటీ పోలీసు అధిపతి (షెరిఫ్), తన సిబ్బంది ఓవర్‌డోస్‌కు విరుగుడు మందైన నాలోక్సోన్ వెంట పెట్టుకోరని తెగేసి చెప్పారు.

ఆ కౌన్సిల్ సభ్యుణ్ణి తిట్టడం తేలిక. నాకూ అప్పట్లో ఒళ్లు మండింది. కానీ ఆ ఊరి పద్దు చూడండి. నాలోక్సోన్ కోసం ఏడాదికి 10 వేల డాలర్లు కేటాయించుకున్న నగరం, ఖర్చు లక్ష డాలర్లకు చేరేలా ఉందని తెలిసి నివ్వెరపోయింది. ఉక్కు మిల్లు మీద బతికిన చిన్న పట్టణం అది. అక్కడ పన్ను కట్టే మనిషి "ఈ ఖర్చుకు అంతు ఎక్కడ?" అని అడిగితే, ఆ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి. "ప్రాణం అమూల్యం" అని నోరు మూయించకూడదు. ఆ మాట ఎంత ప్రమాదకరమో కాసేపట్లో చెబుతాను.

ముందు మందు గురించి రెండు మాటలు. హెరాయిన్, ఫెంటనిల్, ఆక్సికోడోన్ వంటి ఓపియాయిడ్లు మెదడులో కొన్ని గ్రాహకాలను పట్టుకుంటాయి. మోతాదు మించితే మెదడు ఊపిరి తీయించడం మానేస్తుంది. మనిషి చనిపోయేది అందువల్లే. నాలోక్సోన్ ఆ గ్రాహకాల మీద నుంచి ఓపియాయిడ్‌ను నెట్టేసి తాను కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. ఓపియాయిడ్ తీసుకోని మనిషికి పొరపాటున ఇచ్చినా హాని ఉండదు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది కాబట్టి అత్యవసర సేవల నంబరు 911కు ఫోను చేసి తీరాలి. అంతే, ఇంతకంటే ఫార్మకాలజీ చెప్పను.

ఈ మందుకు జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ అనే ఇద్దరు 1961లో పేటెంటు తీసుకున్నారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 1971లో. అంటే మందు మీద పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా తయారు చేసుకోవచ్చు. మన భారతదేశంలోనూ అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఇది ఉంది. హైదరాబాదులోనో విశాఖలోనో ఆపరేషన్ థియేటర్లలో పనిచేసిన డాక్టర్లు ఇక్కడ కూర్చుని ఉంటే, ఈ ఆంప్యూల్ వాళ్లకు కొత్త కాదు.

ఇప్పుడు ఈ రెండూ చూడండి. ఎడమ చేతిలో ఉన్నది ఇంజెక్షన్ సీసా. ఒక మిల్లీలీటరు, అందులో 0.4 మిల్లీగ్రాముల మందు. కుడి చేతిలో ఉన్నది ముక్కులో కొట్టే స్ప్రే. తెల్లటి ప్లాస్టిక్కు, కింద చిన్న మీట. ఇందులో ఉన్న ద్రవం మొత్తం 0.1 మిల్లీలీటరు. ఒక చిన్న చుక్క. ఆ చుక్కలో 4 మిల్లీగ్రాములు. రెండింటిలోనూ ఉన్నది అదే పాత మందు. సీసా కొన్ని డాలర్లకు దొరుకుతుంది, స్ప్రే అందుకు ఎన్నో రెట్లు. మనం తేడా చెల్లిస్తున్నది ఈ ప్లాస్టిక్కుకూ, దాని మీద ఉన్న హక్కులకూ.

స్ప్రే అనవసరం అని నేను అనడం లేదు. సూది చూస్తే చేతులు వణికే తల్లికి, పోలీసుకు, లైబ్రరీలో పనిచేసే అమ్మాయికి స్ప్రే గొప్ప వరం. 2015 నవంబరులో నార్కాన్ అనే బ్రాండు స్ప్రేకు అనుమతి వచ్చాకే ఈ మందు ఆసుపత్రి దాటి ఇళ్లలోకి వచ్చింది. కానీ ఆ స్ప్రే రూపొందించడంలో నైడా అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థ భాగస్వామి. అంటే ప్రజలు ఒకసారి పరిశోధనకు చెల్లించారు, మళ్లీ ప్రతి పెట్టెకూ చెల్లిస్తున్నారు. 2018లో ఆ స్ప్రే కంపెనీని ఎమర్జెంట్ బయోసొల్యూషన్స్ సుమారు 73.5 కోట్ల డాలర్లకు కొన్నది. జెనెరిక్ స్ప్రేకు 2019 ఏప్రిల్‌లోనే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చినా, పేటెంటు వ్యాజ్యం వల్ల అది దుకాణానికి రావడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది. చివరికి కోర్టులు ఆ పేటెంట్లు చెల్లవని తేల్చాయి. చెల్లని పేటెంట్ల పేరు మీద ఆ రెండున్నరేళ్లూ కౌంటీలు పాత ధర కడుతూనే ఉన్నాయి.

ఇక 227 సంగతి. 2013లో కాఫిన్, సల్లివన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క కట్టారు. హెరాయిన్ వాడేవారికి నాలోక్సోన్ పెట్టెలు పంచితే ఎన్ని పెట్టెలకు ఒక మరణం తప్పుతుంది? వాళ్ల నమూనాలో వచ్చిన సగటు జవాబు 227. మంచి ఆరోగ్యంతో గడిచే ఒక్కో అదనపు సంవత్సరానికి అయ్యే ఖర్చు 438 డాలర్లు. వైద్యంలో 50 వేల డాలర్లయినా సరే సబబే అనే చోట ఇది 438. ఇంత చవకగా ప్రాణం కాపాడే పని వైద్యరంగంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ 227ను పట్టుకుని నేను చిన్న గుణకారం చేశాను. పెట్టె 24 డాలర్లయితే ఒక ప్రాణానికి 5,448 డాలర్లు. పెట్టె 45 డాలర్లయితే 10,215. పెట్టె 4,100 డాలర్లయితే? 9,30,700 డాలర్లు. మందు అదే. మనిషి అదే. ప్రాణం అదే. హెరాయిన్ కన్నా ఎంతో బలమైన ఫెంటనిల్ వచ్చాక 227 అనే అంకె మారి ఉంటుంది, నిజమే. ఓవర్‌డోస్‌లు పెరిగాయి కాబట్టి ఒక్కో పెట్టె పనికొచ్చే అవకాశం పెరిగింది, ఒక్కోసారి రెండో మోతాదూ కావాలి. అయినా ధర మారితే ఫలితం ఎంత మారుతుందో చూడటానికి ఈ గుణకారం చాలు.

4,100 అనే అంకె నేను కల్పించలేదు. కలియో అనే కంపెనీ ఎవ్‌జియో అనే ఇంజెక్టర్ అమ్మింది. మూత తీయగానే అది మాట్లాడుతుంది, ఏం చేయాలో గొంతుతో చెబుతుంది. నేను దాన్ని చేతిలో పట్టుకుని చూశాను. చక్కని ఆలోచనే. 2014లో దాని ధర 575 డాలర్లు. 2016 ఫిబ్రవరిలో 3,750. మరో పదకొండు నెలలకు 4,100. అమెరికా సెనేట్ విచారణ ఉపసంఘం 2018లో ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. వైద్యపరంగా ఇదే తప్పనిసరి అని డాక్టర్ల చేత కాగితం రాయించి, ప్రభుత్వ బీమా చేత బిల్లు కట్టించే పద్ధతిని ఆ కంపెనీ నడిపింది. ప్రభుత్వ బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్‌లకు నాలుగేళ్లలో 14.2 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని నివేదిక తేల్చింది. తప్పుడు బిల్లులకు కారణమైందన్న ఆరోపణల మీద కలియో 2021లో 1.27 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నది. ఎంత లాగారో, ఎంత తిరిగి కట్టారో మీరే పోల్చుకోండి.

"ప్రాణం అమూల్యం" అనే మాట ప్రమాదకరం అన్నది ఇందుకే. ఓపియాయిడ్ల వల్ల దేశానికి జరిగిన ఆర్థిక నష్టం ఒక్క 2017లోనే 1.02 లక్షల కోట్ల డాలర్లని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పరిశోధకులు లెక్కగట్టారు. అందులో సింహభాగం పోయిన ప్రాణాలకూ, చితికిన జీవితాలకూ కట్టిన విలువే. ఆ అంకె చూపిస్తే నాలోక్సోన్‌కు ఏ ధర పెట్టినా తక్కువగానే కనిపిస్తుంది. ప్రాణం విలువను బట్టి మందు ధర పెట్టే హక్కు అమ్మేవాడికి ఇస్తే, నాలుగు వేలు కాదు, నలభై వేలయినా అడుగుతాడు. ప్రజల తరఫున కొనేవాళ్లు అడగవలసింది తయారీకి ఎంతవుతుంది, పోటీ ఉంటే ఎంతకు దొరుకుతుంది అని.

కాలిఫోర్నియా అదే అడిగింది. కాల్‌ఆర్‌ఎక్స్ పేరుతో రాష్ట్రమే రంగంలోకి దిగి, ఆమ్నీల్ కంపెనీతో ఒప్పందం చేసుకుని, 2024లో రెండు మోతాదుల స్ప్రే పెట్టెను 24 డాలర్లకు తెచ్చింది. మొదట సంస్థలకు ఇచ్చింది, 2025 నుంచి మామూలు ప్రజలకూ అదే ధర. 2023 సెప్టెంబరులో నార్కాన్ డాక్టరు చీటీ లేకుండా దుకాణాలకు వచ్చినప్పుడు ధర 44.99 డాలర్లు. ఒక రాష్ట్రం గట్టిగా బేరమాడితే దాదాపు సగానికి వచ్చింది.

ఇంకొకటి. ఓపియాయిడ్ మాత్రల అమ్మకాల మీద మందుల కంపెనీలపై ప్రభుత్వాలు వేసిన వ్యాజ్యాల్లో టెవా కంపెనీ 425 కోట్ల డాలర్ల దాకా విలువ చేసే ఒప్పందం చేసుకున్నది. అందులో 120 కోట్ల డాలర్ల వరకు విలువైన నాలోక్సోన్ స్ప్రే ఇస్తామన్నది. మందు వద్దనుకునే రాష్ట్రాలు నగదు తీసుకోవచ్చు. మొత్తం మీద ఆ నగదు ఎంత? 24 కోట్లు. అయిదో వంతు! అంటే కంపెనీ తన పద్దులో అయిదు డాలర్ల మందు అని రాసుకున్నదానికి ఒక్క డాలరు నోటు ఇస్తానన్నది. అప్పట్లో నార్కాన్ పెట్టె జాబితా ధర 125 డాలర్లు. దాంట్లో అయిదో వంతు 25. కాలిఫోర్నియా బేరమాడి తెచ్చిన ధర 24. ఈ రెండు అంకెలు పక్కపక్కన వచ్చి కూర్చోవడం చూసినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్లు మిడిల్‌టౌన్ వంటి ఊళ్లు ఏ ధరకు కొన్నాయో ఊహించండి. ఆ కౌన్సిల్ సభ్యుడు తన కోపాన్ని నేల మీద పడి ఉన్న మనిషి మీద చూపించాడు. ధర పెట్టినవాడి దాకా అది వెళ్లలేదు.

(సభలో ఒకరు: "చవగ్గా ఇస్తే ధైర్యం వచ్చి ఇంకా ఎక్కువ వాడరా?")

మంచి ప్రశ్న, అన్నగారూ. ఇది పెద్ద పెద్ద ఆర్థికవేత్తలే అడిగారు. జెన్నిఫర్ డోలియాక్, అనితా ముఖర్జీ 2018లో ఒక పత్రం రాశారు. నాలోక్సోన్ సులువుగా దొరికేలా చేసే రాష్ట్ర చట్టాలు వచ్చాక ఓపియాయిడ్లకు సంబంధించి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు, దొంగతనాలు పెరిగాయని, సగటున మరణాలు తగ్గలేదని, మన మిడ్‌వెస్ట్‌లోనైతే పెరిగాయని చూపించారు. దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ రెండు చిక్కులున్నాయి. ఆ చట్టాలు వచ్చిన కాలంలోనే మిడ్‌వెస్ట్‌లోకి ఫెంటనిల్ వరదలా వచ్చింది. ఒకదాని ప్రభావాన్ని మరొకదాని నుంచి విడదీయడం చాలా కష్టం. రెండోది, చట్టం చేయడం వేరు, మందు చేతికి అందడం వేరు. 2019లో వచ్చిన మరో అధ్యయనం చట్టాలను రకాలుగా విడదీసి చూసింది. ఫార్మసిస్టు తానుగా మందు ఇవ్వడానికి నేరుగా అధికారమిచ్చిన రాష్ట్రాల్లో మరణాలు గణనీయంగా తగ్గాయి. పేరుకు మాత్రమే ఉన్న చట్టాలు పెద్దగా ఫలితం చూపలేదు. మసాచుసెట్స్‌లో 19 ఊళ్లు, పట్టణాలను పరిశీలిస్తే, శిక్షణ ఇచ్చి పెట్టెలు కొద్దిగా పంచిన చోట మరణాల రేటు 27 శాతం, బాగా పంచిన చోట 46 శాతం తక్కువగా ఉంది. ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు పెరిగారంటే, కొందరు బతికి ఉండి రాగలిగారని కూడా అర్థం కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాలోక్సోన్ పడ్డ మనిషికి ఒక్కసారిగా మత్తు దిగిపోయి వాంతులు, చెమటలు, ఒళ్లంతా నొప్పులు వస్తాయి. ఆ బాధ ఒకసారి చూసినవాళ్లు, దాన్ని ఎవరూ కోరి తెచ్చుకోరని ఒప్పుకుంటారు.

ఖర్చు వృథా అయ్యే చోట్లు మాత్రం నిజంగానే ఉన్నాయి. 227 అనే లెక్క, మత్తుమందు వాడేవారి చేతికీ వాళ్ల పక్కన ఉండేవారి చేతికీ పెట్టెలు ఇచ్చినప్పటిది. ఎవరూ రాని భవనంలో గోడ పెట్టెలో తాళం వేసి గడువు తీరేదాకా ఉంచితే ఆ లెక్క వర్తించదు. గడువు విషయంలో ఎఫ్‌డీఏ 2024 జనవరిలో ఒక మంచి పని చేసింది. కొత్తగా తయారయ్యే నార్కాన్ గడువును మూడేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచింది. ఒక్క సంతకంతో ఎన్నో కౌంటీలకు డబ్బు మిగిలింది. అలాగే 8 మిల్లీగ్రాముల స్ప్రే ఒకటి వచ్చింది, "ఫెంటనిల్‌కు పెద్ద మోతాదు కావాలి" అనే ప్రచారంతో. న్యూయార్క్ రాష్ట్ర పోలీసులు 4, 8 మిల్లీగ్రాముల స్ప్రేలు రెండూ వాడి చూశారు. బతికినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. 8 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు వాంతులు, యాతన మాత్రం ఎక్కువయ్యాయి. 2024లో సీడీసీ వారపత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. మీ కౌంటీ పెద్ద మోతాదు మందు కొంటోందంటే ఎందుకని అడగండి.

నాలోక్సోన్ ఒక్కటే చాలదని కూడా చెప్పకపోతే నేను సగం నిజం చెప్పినట్లే. మసాచుసెట్స్‌లో ఓవర్‌డోస్ తరువాత ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడినవారిలో 5.5 శాతం మంది ఏడాది లోపే చనిపోయారు. ఇరవై మందిలో ఒకరికి పైగా. వ్యసనం తగ్గించే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులతో చికిత్స దొరకాలి. బ్యుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధనను 2022 డిసెంబరులో ఎత్తేశారు. అయినా దాన్ని రాయడానికి వెనకాడే డాక్టర్లు ఉన్నారు. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది ఈ రాష్ట్రంలో ఉన్నారు, వాళ్లకు నా మనవి: వెనకాడకండి. చికిత్స ఖర్చు వేరే పద్దు, నాలోక్సోన్ ఖర్చు వేరే పద్దు అని చూసే ప్రభుత్వం, అదే మనిషిని అయిదుసార్లు బతికించి అయిదుసార్లు వీధిలో వదిలేస్తుంది. మిడిల్‌టౌన్ బాకీ పెరిగింది కూడా అక్కడే.

2023లో దేశంలో ఓవర్‌డోస్ మరణాలు దాదాపు 1,05,000. 2024లో సుమారు 80 వేలకు తగ్గాయి. ఇంత తగ్గుదల ఇంతకు ముందెన్నడూ లేదు. ఘనత అంతా నాలోక్సోన్‌దే అని నేను అనను. వీధిలో దొరికే సరుకు మారింది, చికిత్స పెరిగింది. కానీ సరిగ్గా ఈ తగ్గుదల కనిపిస్తున్నప్పుడే, నాలోక్సోన్ శిక్షణకూ పంపిణీకీ ఇచ్చే ఏటా 5.6 కోట్ల డాలర్ల ఫెడరల్ గ్రాంటును తీసేయాలన్న బడ్జెట్ ముసాయిదా 2025 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. చవకైన పనినే ముందు కోయాలని ఎందుకు అనిపిస్తుందో నాకు అంతుపట్టదు.

డబ్బు లేక కాదు. ఇందాక చెప్పిన ఓపియాయిడ్ వ్యాజ్యాల్లోనే మూడు పెద్ద మందుల పంపిణీ కంపెనీలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 18 ఏళ్లలో 2,600 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందంలో ముఖ్యంగా ఖర్చు పెట్టవలసిన పనుల జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది నాలోక్సోనే. మన ఒహాయోలో వచ్చే పరిహారంలో 55 శాతం వన్ఒహాయో రికవరీ ఫౌండేషన్‌కు, 30 శాతం స్థానిక ప్రభుత్వాలకు, 15 శాతం రాష్ట్రానికి వెళుతుంది. ఆ 30 శాతం మీ కౌంటీ, మీ నగరం చేతిలో ఉంటుంది. కౌన్సిల్ సమావేశానికి వెళ్లి మీరు అడగవచ్చు.

మన ఇళ్ల సంగతి. "మన పిల్లలు అలాంటివారు కాదు" అని నా కౌంటరు దగ్గరే చాలామంది అన్నారు. పరీక్షల ముందు నిద్ర రాక స్నేహితుడు ఇచ్చిన మాత్ర వేసుకునే పిల్లవాడికి, అది దుకాణం నుంచి వచ్చిందో ఎవరి నేలమాళిగలోనో అచ్చువేసిందో తెలియదు. మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ 2023లో పరీక్షించిన నకిలీ మాత్రల్లో పదింటికి ఏడింటిలో ప్రాణాంతకం కాగల మోతాదులో ఫెంటనిల్ ఉంది. ఎమ్మెస్ చదవడానికి వచ్చి నలుగురు ఒక అపార్టుమెంటులో ఉండే పిల్లలకు నేను ప్రత్యేకంగా చెబుతాను: ఒక పెట్టె వంటగదిలో పెట్టుకోండి. వీసాకు ఏమవుతుందో అని 911కు ఫోను చేయకుండా ఆలస్యం చేయకండి. ఆలస్యమైతే చేసేదేమీ ఉండదు.

(సభలో ఒకరు: "మరి 45 డాలర్లు పెట్టి కొనాలా?")

అవసరం లేదమ్మా. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ఆ లెక్కన ఒక పెట్టె ఆరు గంటల కష్టం. ఆ ధర ఎవరిని దూరం పెడుతుందో తెలుస్తూనే ఉంది. చీటీ లేకుండా దొరకడం మంచిదే, కానీ షెల్ఫు మీద నుంచి తీసి బిల్లు కట్టేస్తే సాధారణంగా మీ బీమా ఇవ్వదు. ఫార్మసిస్టు దగ్గరకు వెళ్లి, బీమా కింద బిల్లు చేయమని అడగండి. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ అలా కడుతుంది. మన రాష్ట్రంలో ప్రాజెక్ట్ డాన్ అనే కార్యక్రమం ఉంది. 2012లో పోర్ట్స్‌మత్‌లో మొదలైంది. ఆ కేంద్రాల్లో పెట్టె ఉచితంగా ఇస్తారు, ఎలా వాడాలో నేర్పుతారు. ఉచితం అంటే మీరు కట్టిన పన్నుతోనే కొన్నది. కాబట్టి మొహమాటపడకుండా తీసుకోండి. తీసుకున్న తరువాత మీ కౌంటీ ఆరోగ్యశాఖకు ఒక లేఖ రాయండి: పోయిన ఏడాది ఎన్ని పెట్టెలు కొన్నారు, ఒక్కొక్కటి ఎంతకు కొన్నారు, అందులో సీసాలు ఎన్ని, స్ప్రేలు ఎన్ని, ఎవరి చేతికి ఇచ్చారు, గడువు తీరి పారేసినవి ఎన్ని. ఈ అయిదు ప్రశ్నలు చాలు. తెలుగులో, ఇంగ్లీషులో రాసిన నమూనా లేఖ బయట బల్ల మీద ఉంది, వెళ్లేటప్పుడు తీసుకోండి.